ఆటలో అరువు గొంతు

పాఠశాల పత్రికలో ఆటలను గూర్చి వ్రాయుట తెలుగు ఉపాధ్యాయుని పని కాదని కొందఱు తలంపవచ్చును. వ్యాయామోపాధ్యాయులు ఉండగా ఛందస్సు చెప్పువారికి బంతితో ఏమి పని? కాని మేమిప్పుడు చెప్పదలచినది బంతికన్న మాటకు ఎక్కువ సంబంధించినది. పరుగు తీయుచున్న ఎదుటి జట్టువానిని మాటతో గాని సైగతో గాని మోసపుచ్చి ఔటు చేయుట న్యాయమా? అట్లు చేసిన పిల్లవానిని మనము ఏమి చేయవలెను? ఒకే వీథిలో తెలుగు, తమిళము, కన్నడము వినబడు మన హొసూరు ప్రాంతమున ఈ ప్రశ్న కొంత పదునుగనే యుండును.

గత సంవత్సరము మన పిల్లలకును, పొరుగున నున్న ఒక తమిళ మాధ్యమ పాఠశాల పిల్లలకును క్రికెట్టు పందెము జరిగినది. మన జట్టు ఫీల్డింగు చేయుచుండెను. వారి పిల్లవాడొకడు బంతిని కవర్ వైపునకు నెట్టి రెండడుగులు ముందుకు వేసెను. ఎదుటి కొననున్న జతగాడు "వేండాం" అనెను. అదే క్షణమున ఆ జతగానికి వెనుకగా నిలిచియున్న మన విద్యార్థి "వా, వా" అని కేక వేసెను. ఉచ్చారణలో లోపమేమియు లేదు. పెద్దకేక చిన్నకేకను మ్రింగివేసినది. బంతి కొట్టినవాడు ఆ పిలుపును నమ్మి పరుగెత్తెను, సగము దూరము వచ్చుసరికి జతగాడు క్రీజులోనే యుండుట చూచి వెనుదిరుగబోయెను, కాలు జారి మోకాలిమీద పడెను, వికెట్టు కూలినది. మనవారు గంతులు వేసిరి.

తరువాత జరిగినదానిని చాలమంది చూడలేదు. ఔటైన పిల్లవాడు వేపచెట్టు క్రింద కూర్చుండి జతగానితో తగవు పడుచుండెను. పిలిచినది నీవేయని ఒకడు, నేను వద్దంటినని మఱియొకడు. ఇద్దఱును నిజమే చెప్పుచుండిరి. ఇద్దఱికిని రెండవవాడు అబద్ధమాడుచున్నట్లే తోచుచుండెను. ప్రొద్దుననుండి ఒక డబ్బాలో అన్నము తిన్న ఆ పిల్లలు సాయంకాలము వ్యానులో చెఱియొక మూలకు చేరిరి. వికెట్టు ఒకటి పోయినది, సరే. దానితోపాటు పోయినదానిని స్కోరు పుస్తకములో ఎక్కడ వ్రాయుదురు?

ఇంతలో మన పిల్లవాని తండ్రి మా కడకు వచ్చి, "మావాడు తమిళం ఎంత బాగా మాట్లాడినాడో చూస్తిరా అయ్యవారూ! ఎవ్వరికీ అనుమానమే రాలేదు" అని మురిసిపోయెను. ఆయన సంతోషము మాకు అర్థము కాకపోలేదు. 2006 సంవత్సరపు తమిళ అభ్యసన చట్టము వచ్చిన పిమ్మట మన పిల్లలకు తమిళము పాఠ్యాంశమైనది. దానిని గూర్చి తల్లిదండ్రులు పడిన ఆరాటమును, న్యాయస్థానములదాక సాగిన వాదములును అందఱెఱిగినవే. అవి నేటి ప్రసంగము కావు. ఇంటిలో తెలుగు మాటలాడు పిల్లవాడు తమిళ బాలుని చెవికి తమిళ బాలుడే యనిపించునట్లు పలుకగలుగుట తక్కువ విద్య కాదు. ఆ విద్యకు దొరికిన వినియోగమే మమ్ము చింతపెట్టుచున్నది.

ఆటలో మోసమే కూడదని మేము అనము. అట్లనినచో ఆటయే మిగులదు. చెడుగుడులో కూతకు పోయినవాడు ఎడమచేయి చాచినట్లు కనబఱచి కుడికాలు విసరును. ఖో-ఖోలో పరుగెత్తువాడు ఒక వైపునకు ఒరిగి మఱియొక వైపునకు జారిపోవును. స్పిన్ బౌలరు బ్రతుకంతయు బంతి ఎటు తిరుగునో తెలియనీయకుండుటలోనే యున్నది. బ్యాటరు రెండడుగులు ముందుకు వేసి, ఫీల్డరు తొందరపడి విసరినచో పరుగు తీయుదునని చూచును. ఇవియన్నియు ఎవరి శరీరముతో వారు, ఎవరి చేతిలోని బంతితో వారు పన్ను పన్నుగడలు. ఎదుటివాడు కన్ను తెఱచి చూచినచో వానిని కనిపెట్టవచ్చును. నేర్చినకొలది మెలకువ పెరుగును.

పరుగు తీయువాని సంగతి వేఱు. బంతి వెనుకకు పోయినపుడు బ్యాటరు దానిని చూడలేడు. చూచుటకు తల త్రిప్పినచో పరుగు చెడును. అందుచేతనే అతడు తన కన్నులను జతగానికి అప్పగించి, జతగాని మాటను తన చెవితో నమ్మి పరుగెత్తును. ఆ పిలుపు ఇద్దఱికి మాత్రమే చెందిన సొత్తు. మూడవవాడు ఆ గొంతును అరువు తెచ్చుకొని పిలిచినచో, అది ఎదుటివాని నేర్పును పరీక్షించుట కాదు. అతని నమ్మకమును దొంగిలించుట. ఎంతటి మెలకువగలవాడైనను దానినుండి తప్పించుకొనుటకు ఒక్కటే దారి, జతగాని మాటను నమ్మకుండుట. అట్లు నమ్మనివాడు క్రికెట్టు ఆడలేడు.

ఇది మా సొంత అభిప్రాయము మాత్రమే కాదు. క్రికెట్టు నియమములను ఏర్పఱచు లండనులోని మేరిల్‌బోన్ క్రికెట్ క్లబ్బు 2017 అక్టోబరు 1వ తేదీనుండి అమలులోనికి తెచ్చిన నియమావళిలో 41వ నియమపు 5వ భాగము దీనిని గూర్చినదే. బ్యాటరు బంతిని ఎదుర్కొనిన పిమ్మట ఏ ఫీల్డరైనను మాటచేత గాని చేతచేత గాని ఇద్దఱు బ్యాటర్లలో ఎవరినైనను బుద్ధిపూర్వకముగా దృష్టి మరల్చుటకు, మోసగించుటకు, అడ్డగించుటకు ప్రయత్నించుట అన్యాయమని దాని సారము. పూర్వపు నియమావళిలో దృష్టి మరల్చుట, అడ్డగించుట ఉండెను. మోసగించుట అను మాట 2017లో చేరినది. మన పెద్దలలో చాలమంది దానికి ముందటి ఆటను చూచి పెరిగినవారు. చేతిలో బంతి లేకయే నేలమీద జారి బంతి పట్టినట్లు నటించిన ఫీల్డరును ఆ కాలమున గడుసువాడని మెచ్చుకొనుచుండిరి. ఆ మెప్పులు నేడు చెల్లవు.

శిక్ష కూడ స్పష్టముగనే యున్నది. అంపైరులలో ఎవరు గమనించినను వెంటనే డెడ్ బాల్ అని ప్రకటింపవలెను. ఆ బంతికి బ్యాటరులెవరును ఔటు కారు. బ్యాటింగు జట్టునకు 5 పరుగులు అదనముగా వచ్చును. అప్పటికి పూర్తియైన పరుగులతో పాటు, తీయుచున్న పరుగును, వారు ఒకరినొకరు దాటకున్నను, లెక్కకు వచ్చును. ఆ బంతి ఓవరులో చేరదు. తరువాతి బంతిని ఎవరు ఎదుర్కొనవలెనో బ్యాటరులే నిర్ణయించుకొందురు. మోసము ఫలింపవలెనను నిబంధన లేదు, ప్రయత్నమే నేరము. ఈ మాటను పిల్లలు బాగుగ గుర్తుంచుకొనవలెను, ఏలయనగా "వాడు మోసపోలేదు గదండీ" అనునదే మేము తఱచుగా వినుచుండు సమాధానము.

ఈ కొత్త మాటకు మొదట దొరికినవాడు ఆస్ట్రేలియా దేశపు మార్నస్ లబుషేన్. 2017 సెప్టెంబరు చివర, అంతర్జాతీయ మండలి ఆ నియమములను అమలుపఱచిన దినములలోనే, బ్రిస్బేన్ నగరమున జరిగిన దేశవాళీ పందెములో అతడు బంతికొఱకు దూకి, అది అందకున్నను విసరబోవునట్లు చేయి ఎత్తెను. అలవాటు కొలది చేసినదే కావచ్చును. అంపైరులు 5 పరుగులు వేసిరి.

మనకు మఱింత దగ్గఱగా తగులు ఉదాహరణ 2022 నవంబరు 2వ తేదీన అడిలైడులో భారతదేశమునకును బంగ్లాదేశమునకును జరిగిన టీ-ట్వెంటీ ప్రపంచకప్పు పందెము. దూరమునుండి వచ్చుచున్న బంతి తన ప్రక్కగా పోవునపుడు విరాట్ కోహ్లీ, చేతిలో బంతి లేకున్నను, ఎదుటి వికెట్టువైపు విసరినట్లు అభినయించెను. పరుగెత్తుచున్న ఇద్దఱు బ్యాటరులును అతనివైపు చూడనేలేదు. అంపైరులును ఏ చర్యయు తీసికొనలేదు. ఆట ముగిసిన తరువాత బంగ్లాదేశ వికెట్ కీపరు నూరుల్ హసన్ ఆ 5 పరుగులు తమకు రావలసినవని వాపోయెను. వర్షముచేత కుదింపబడిన ఆ పందెములో మనవారు గెలిచినది సరిగా 5 పరుగుల తేడాతో. మనవారి గెలుపునకు సంతసించిన పిల్లలు ఈ లెక్కను కూడ ఒకసారి వేసి చూడవలెను. కోహ్లీ ఆటను మేమును మెచ్చుకొనువారమే. మెచ్చుకొనువాని చేతలలో దేనిని అనుకరింపవలెనో ఏరుకొనుట చూచువాని పని.

అయితే బుద్ధిపూర్వకము అను మాటలో పెద్ద చిక్కున్నది. 2021 ఏప్రిల్ 4వ తేదీన జొహానెస్‌బర్గులో పాకిస్తాను ఆటగాడు ఫఖర్ జమాన్ 193 పరుగులు చేసి, చివరి ఓవరులో రెండవ పరుగునకు వచ్చుచుండగా, దక్షిణాఫ్రికా వికెట్ కీపరు క్వింటన్ డి కాక్ బౌలరు కొనవైపు చేయి చూపెను. బంతి అటు పోవుచున్నదని తలచెనో యేమో, ఫఖర్ వేగము తగ్గించి వెనుకకు చూచెను. బంతి అతడు వచ్చుచున్న కొనకే వచ్చి తగిలెను. డి కాక్ తన తోటి ఫీల్డరుకు సైగ చేసెనని వారి జట్టువారు చెప్పిరి. ఫఖర్ తానును, తప్పు తనదే, జతగాడు ఎక్కడున్నాడో చూచుటకు తిరిగితిననెను. అంపైరులు శిక్ష వేయలేదు. ఆ క్షణమున డి కాక్ మనసులో ఏమున్నదో నేటికిని వాదమే.

అనుభవజ్ఞులైన అంపైరులకే ఇంత కష్టమైనపుడు పాఠశాల మైదానమున ఏమి సులువగును? కాని మాటతో చేసిన మోసమునకు ఒక సౌకర్యమున్నది. చేయి చూపినవాడు తనవారికే చూపితిననవచ్చును. "కీపర్ కొన!" అని కేక వేసినవాడు బంతి విసరువానికి చెప్పితిననవచ్చును, అది నిజమే కావచ్చును. తన బౌలరును ప్రోత్సహించుటకు చప్పట్లు చఱచినవానిని తప్పుపట్టరాదు. కాని "వా, వా" అనునపుడు ఫీల్డరు తనవారిలో ఎవనిని రమ్మనుచున్నాడు? తెలుగు పిల్లల జట్టులో తమిళమున ఎవనిని పిలుచుచున్నాడు? అక్కడ మనసులోనిదానిని వెదకవలసిన పనిలేదు. భాషయే సాక్ష్యము చెప్పుచున్నది.

ఇక్కడ తెలివిగల విద్యార్థి యొకడు మమ్ము ప్రశ్నింపవచ్చును. మనవారు బ్యాటింగు చేయునపుడు ఎదుటివారికి తెలియకుండుటకై తెలుగులోనే "రా", "వద్దు", "ఆగు" అనుకొందురు గదా, అదియును మోసమేనా యని. కాదు. తన మాటను తనవానికి మాత్రమే తెలియునట్లు చెప్పుకొనుట మర్మము. ఎదుటివాని మాటను తన నోట పలుకుట మోసము. యెస్, నో అను ఇంగ్లీషు మాటలను విడిచి మన పిల్లలు తెలుగులో పిలుచుకొనుట మాకు ముచ్చటగా కూడ నుండును. వారికిని మన తెలుగు కొంత తెలియును. రేపు వారిలో ఒకడు మన బ్యాటరు వెనుక నిలిచి "రారా" అని కేక వేసినచో మన తల్లిదండ్రులు గట్టుమీద ఊరక కూర్చుందురా? మేము ఉపాధ్యాయ శిక్షణ పొందిన ఆంధ్రప్రదేశమున రెండు జట్లకును ఒకటే భాష. అక్కడ ఇట్టి కేక వేసినవాడు వట్టి అల్లరివాడనిపించుకొనును. ఇక్కడ వేసినచో తెలుగువాడనిపించుకొనును. ఒక పిల్లవాని చేష్ట ఒక గుంపు పేరుమీదికి ఎక్కుట న్యాయము కాదు గాని, ఎక్కుట మాత్రము నిజము. అదే మైదానమును, అదే కుళాయిని, అదే బస్సును పంచుకొని బ్రతుకువారము మనము.

పరుగెత్తువానిని మభ్యపెట్టు ఈ జబ్బు క్రికెట్టునకే పరిమితము కాదు. అమెరికా దేశమున పిల్లలు విరివిగా ఆడు బేస్‌బాల్ ఆటలో దీనిని గూర్చి పెద్దలు చాల ఆలోచించిరి. ఆ ఆటలో కొట్టినవాడు వరుసగా మూడు బేసులను చుట్టి ఇల్లు చేరవలెను. బంతి పట్టిన ఫీల్డరు అతనిని బంతితో తాకినచో ఔటు. తాకుడు తప్పించుకొనుటకై పరుగెత్తువాడు నేలమీద జారుచు బేసును అందుకొనును. అందుచేత కొందఱు ఫీల్డరులు బంతి లేకయే తాకబోవునట్లు చేతిని క్రిందికి విసరుదురు. పరుగెత్తువాడు ఉలికిపడి ఆగును, లేదా అదరిపాటున జారబడును. 1939లో పెన్సిల్వేనియా రాష్ట్రపు విలియమ్స్‌పోర్టు పట్టణమున ఆరంభమై నేడు అనేక దేశములకు వ్యాపించిన లిటిల్ లీగ్ అను బాలల సంస్థ నియమములలోను, ఆ దేశపు హైస్కూళ్ల నియమములలోను ఇట్టి దొంగతాకుడును అడ్డగింతగనే లెక్కింతురు. అడ్డగింపబడినవానికి అంపైరు బేసు ఇచ్చును.

విశేషమేమనగా, వృత్తిగా ఆడు పెద్దల బేస్‌బాల్‌లో పరుగెత్తువానిని భ్రమపెట్టుట గడుసుతనముగా చెల్లుచున్నది. 1991 అక్టోబరులో మిన్నియాపొలిసులో జరిగిన వరల్డ్ సిరీస్ ఏడవ పందెమున అట్లాంటా ఆటగాడు లానీ స్మిత్ పరుగెత్తుచుండగా, మిన్నెసోటా ఫీల్డరు చక్ నాబ్లాక్ లేని బంతిని పట్టి విసరినట్లు నటించెను. దానిని చూచియో, బంతి కనబడకయో, స్మిత్ రెండవ బేసుకడ తడబడి మూడవ బేసునే చేరగలిగెను. ఆ పరుగు రాలేదు. మిన్నెసోటా 1-0తో ఆ పందెమును, దానితో సిరీసును గెలిచినది. ఆ నటనను ఆ దేశమున నేటికిని కథలుగా చెప్పుకొందురు. పెద్దలకు కథయైనది పిల్లలకు నేరమెట్లయినది? జబ్బునకు మూలము ఎముకలలోనున్నది. పూర్తి వేగముతో వచ్చుచున్న పదేండ్లవాడు సిద్ధపడకయే హఠాత్తుగా జారినచో చీలమండ విరుగవచ్చును. కండబలముగల పెద్దవాడు తన దేహమును నిలుపుకొనగలడు; పిల్లవాడు నిలుపుకొనలేడు. మన మైదానమును తలచుకొనుడు. ఒక ప్రక్క కంకర, ఒక ప్రక్క పల్లేరు. చేతిలో బ్యాటు. సగములో ఆగి తిరుగువానికి ఏమి జరుగునో మోకాలు చీరుకొనిపోయిన ఆ పొరుగు పిల్లవానిని అడిగినచో చెప్పును.

ఇక చేయవలసినది. నాణెము ఎగురవేయుటకు ముందే అంపైరు ఇద్దఱు నాయకులను పిలిచి, పరుగు తీయువానిని మాటతో గాని సైగతో గాని మోసగించినచో 5 పరుగులని రెండు భాషలలోను చెప్పవలెను. అంపైరులలో ఒకరు మన పాఠశాలనుండియు, ఒకరు వారి పాఠశాలనుండియు ఉండుట అన్నివిధముల మంచిది. దొంగపిలుపును గుర్తించుటకు పిలిచిన భాష తెలిసిన చెవి కావలెను గదా. కష్టమైన సంగతి వేఱొకటి: శిక్ష వేయవలసినవాడు తఱచుగా మన ఉపాధ్యాయుడే, శిక్షింపబడువారు మన పిల్లలే. చుట్టును మన ఊరివారు కూర్చుండియుండగా మన జట్టుమీద 5 పరుగులు వేయుటకు గుండెదిటవు కావలెను. అట్లు వేసిన ఉపాధ్యాయుని ఆ సాయంకాలము టీ అంగడికడ నిలదీయకుండుట ఊరివారు చేయగల సహాయము.

పాఠశాలలో తరగతులకు తరగతులు ఆడుకొనునపుడు, ముఖ్యముగా ఎనిమిదవ తరగతికి లోబడినవారికి, అంత నియమము అక్కఱలేదని మా అభిప్రాయము. బంతిని రద్దుచేసి, ఔటును రద్దుచేసి, కారణము చెప్పి మరల ఆడించినచో చాలును. రెండవసారి చేసినవానిని రెండు ఓవరులు గట్టుమీద కూర్చుండబెట్టవచ్చును. ఇది నియమావళిలోనిది కాదు, పాఠశాల కట్టడి. కాని ఏ వయసువానినైనను అందఱి యెదుట మోసగాడని పిలువరాదు. పండ్రెండేండ్లవాడు దూరదర్శనములో చూచినదానిని చేసెను. అది గెలుపునకు దారియని మనమే చప్పట్లతో చెప్పితిమి. నాయకుడైన విద్యార్థి ప్రక్కకు పిలిచి చెప్పినచో ఉపాధ్యాయుడు చెప్పినదానికన్న బాగుగ వినును. ఆడపిల్లల జట్టునకును ఇదియే వర్తించును. వారిలో మాత్రము ఇట్టి కేకలను మేము ఇంతవఱకు వినలేదు.

తల్లిదండ్రులకు ఒక్క మాట. ఈ 5 పరుగుల శిక్ష ఫీల్డరులకే గాని గట్టుమీద కూర్చుండువారికి లేదు. పరుగు తీయుచున్న పరాయి పిల్లవానిని "పడ్డాడు, పడ్డాడు!" అని పెద్దలు అరచినచో అంపైరు చేయగలిగినది మిక్కిలి తక్కువ. కావున ఈ సంవత్సరమునుండి చూచువారి బెంచీలను వికెట్టునకు ఎదురుగా గాక పడమటి గోడవైపునకు జరుపవలెనని వ్యాయామోపాధ్యాయులను కోరియున్నాము. అక్కడ ఎండ కొంచెము ఎక్కువ. గొడుగులు తెచ్చుకొనవలసినదిగా ప్రార్థన.